మాదరి భాగయ్య వెతుక్కున్న దారి

భాగ్యరెడ్డి వర్మ పేరు మొదటిసారి విన్న విద్యార్థి ఎవరైనా ముందు అడిగేది ఒకటే. ఆయన రెడ్డా? మేమూ ఒకప్పుడు అదే అడిగాం. ఇప్పుడు మా జూనియర్లు మమ్మల్ని అడుగుతున్నారు. రెడ్డి కాదు, వర్మ అసలే కాదు, హైదరాబాదులో ఒక మాల ఇంట్లో పుట్టిన మాదరి భాగయ్య అని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది. మరి ఆ రెండు తోకలు ఎందుకు తగిలించుకున్నాడు? ఈ రెండో ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. చెప్పాలంటే ఆయన యాభై ఏళ్ళ జీవితమంతా చెప్పాలి.

ఏటా మే 22న జయంతి సభలు జరుగుతాయి. ఫ్లెక్సీలు కడతారు, దండలు వేస్తారు. ఆయన మూడు వేల మూడు వందలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని వేదిక మీద ఎవరో ఒకరు లెక్క చెబుతారు. ఆ మాటలు వింటుంటే ఆయన చిన్ననాడే దారి తెలిసిన మనిషనీ, ఆ దారిలో నేరుగా నడిచి వెళ్ళిపోయాడనీ అనిపిస్తుంది. ఆయన జీవితాన్ని తేదీల వారీగా పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు మాకు అలా కనిపించలేదు. ఎవరో చూపించిన దారిలో కొంత దూరం వెళ్ళడం, అక్కడ దొరికింది తీసుకోవడం, అది చాలదని తెలిసి పక్కకు తిరగడం, ఆయన చాలాకాలం ఇలాగే సాగారు. ఈ సంగతి రాయాలనుకోవడానికి కారణం ఉంది. మా హాస్టల్ గదుల్లో ముప్పై దాటినవాళ్ళు కూడా పీహెచ్‌డీనా, గ్రూప్స్ కోచింగా, సంఘమా, ఊరికి తిరిగి వెళ్ళడమా అని తేల్చుకోలేక ఉన్నారు. ఇరవై ఏళ్ళకే అంతా తేల్చుకున్న మహానుభావుల బొమ్మలు గోడల మీద నుంచి చూస్తుంటే మనలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది. ఆ బొమ్మల్లో కనీసం ఒకటి అబద్ధం చెబుతోంది.

1888 మే 22న వెంకయ్య, రంగమాంబ దంపతులకు భాగయ్య పుట్టారు. అప్పుడు ఆరో నిజాం పాలన. పల్లెల్లో మాల, మాదిగలకు వెట్టి తప్ప బతుకు లేదు. నగరంలో సంగతి కాస్త వేరు. సికింద్రాబాదులో కంటోన్మెంటు ఉంది. దొరల ఇళ్ళల్లో, వకీళ్ళ ఇళ్ళల్లో, రెసిడెన్సీ చుట్టుపక్కల బట్లర్లుగా, నౌకర్లుగా, సాయిసులుగా పని దొరికేది. అది గౌరవమైన బతుకేమీ కాదు. కానీ చేసిన పనికి నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేది. ఊరి పటేలు పిలిస్తే పరుగెత్తాల్సిన అవసరం ఉండేది కాదు. హైదరాబాదు దళిత ఉద్యమం మొదట ఈ జీతగాళ్ళ బస్తీల్లోనే ఎందుకు లేచిందో అర్థం చేసుకోవాలంటే ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

భాగయ్యకు చెప్పుకోదగ్గ బడి చదువు లేదు. చిన్న వయసులోనే డాస్ శాంతోస్ అనే రోమన్ కాథలిక్ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలున్నాయి, వార్తాపత్రికలు వచ్చేవి, రాజకీయాలు మాట్లాడుకునే మనుషులు వచ్చిపోయేవారు. పనివాడి కుతూహలాన్ని ఆ యజమాని అణచలేదు, చదువుకోనిచ్చాడు. దీన్ని చాలామంది ఒక దయగల దొర కథగా చెబుతారు. మాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఇంటి పనులన్నీ చేస్తూనే, పక్క గదిలో ప్రపంచం గురించి నడిచే మాటలను ఒక మాల పిల్లవాడు ఏళ్ళ తరబడి విన్నాడు. అలా విన్నవాళ్ళు ఆ కాలంలో ఇంకా ఎందరో ఉండి ఉంటారు. విన్నదాన్ని తీసుకెళ్ళి బస్తీలో పంచాలన్న ఆలోచన ఈయనకు వచ్చింది.

మొదటి పేరు మార్పు ఈ రోజుల్లోదే. కుటుంబానికి గురువుగా ఉన్న ఒకాయన భాగయ్యను భాగ్యరెడ్డి అని పిలిచారు. రెడ్డి అంటే రేడు, అంటే ఏలినవాడు. ఈ నేలకు మొదటి ఏలికలు మీరే, తర్వాత వచ్చినవాళ్ళు మిమ్మల్ని ఊరి బయటకు నెట్టారన్నది ఆ గురువు తర్కం. రేడు, రెడ్డి వ్యుత్పత్తి సంగతి పండితులు చూసుకుంటారు. ఆ తర్కం మాత్రం కుర్రవాడి మనసులో నాటుకుపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన దేశమంతా తిరిగి చెప్పిన మాటకు విత్తనం ఇక్కడే పడింది. అప్పటికి అది ఒక సిద్ధాంతం కాదు, ఒక పేరు మాత్రమే. అదీ ఆయన పెట్టుకున్నది కాదు, ఇంకొకరు పెట్టింది.

1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి పెట్టారు. పేరు వినడానికి గొప్పగా ఉన్నా అది చేసిన పని భజనలు, హరికథలు. బస్తీలో రాత్రిపూట జనాన్ని కూర్చోబెట్టి, కథ మధ్యలో ఆపి, తాగుడు మానమనీ, పిల్లల్ని బడికి పంపమనీ చెప్పడం. ఈ రోజు చదివితే కొంతమందికి ఇది నీరసంగా తోస్తుంది. ఉద్యమమంటే భజనలా అని మాలో కూడా కొందరు ఎగతాళి చేశారు. అయితే 1906లో నిజాం నగరంలో మాలవాడలో వంద మందిని ఒకచోట చేర్చగలిగే మార్గం ఇంకేముందో చెప్పమంటే ఆ ఎగతాళి చేసినవాళ్ళ దగ్గర జవాబు లేదు. జనానికి తెలిసిన రూపం పట్టుకుని తెలియని సంగతి చెప్పాడు. అంతకుమించి ఆయన దగ్గర అప్పుడు ఏమీ లేదు కూడా.

1910లో ఇసామియా బజారులో ఒక బడి తెరిచారు. 1911లో మండలి మన్య సంఘంగా మారింది. భజన మండలి కాస్తా సంఘమైంది. తాగుడు, పెళ్ళిళ్ళలో అప్పులపాలయ్యే ఖర్చులు, జంతుబలులు, ఆడపిల్లల్ని జోగినులుగా, బసివిలుగా, మురళీలుగా దేవుడి పేర విడిచిపెట్టే ఆచారం, వీటన్నిటికీ ఎదురుగా ఆ సంఘం పనిచేసింది. ఇందులో జోగిని ఆచారం మీద చేసిన పోరు అసలైనది. ఆ ఆచారంలో బలయ్యేది మన ఇంటి ఆడపిల్ల, అనుభవించేది ఊరి పెద్ద. దాన్ని సంస్కారం పేరుతో కాకుండా బానిసత్వం పేరుతో చూడటం అక్కడి నుంచే మొదలైంది.

తర్వాత మనకు ఇబ్బందిగా అనిపించే ఘట్టం వస్తుంది. ఆర్య సమాజం వాళ్ళు ఆయన సేవను మెచ్చి 1913లో వర్మ అనే బిరుదు ఇచ్చారు. ఆయన తీసుకున్నారు. అది క్షత్రియుల పేర్ల చివర ఉండే మాట. వేదాల వైపు మళ్ళితే అంటరానివాణ్ణి పైకి లేపుతామన్న సమాజం ఇచ్చిన మెట్టు అది. హైదరాబాదు సవర్ణ పెద్దలతో, వకీళ్ళతో, జడ్జీలతో ఆయన స్నేహం కూడా ఈ కాలంలోనే గట్టిపడింది. హైకోర్టు జడ్జీగా చేసిన రాయ్ బాలముకుంద్ లాంటివారు ఆయన సంస్థకు అండగా నిలబడ్డారు. జీవహింస కూడదని చెప్పే మండలిలో కలిసి పనిచేశారు. మాంసం మానమని మన వాళ్ళకు చెప్పారు. ఈ రోజు పెద్దకూర పండుగలు చేసుకున్న తరం మాది. ఈ ముక్క చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నామని ఒప్పుకోవాలి.

దీన్ని దాచేవాళ్ళున్నారు. కాలం అలాంటిదని సర్దిచెప్పేవాళ్ళున్నారు. మేము రెండూ చేయదలచుకోలేదు. అప్పటికి ఆయన ముందున్న ప్రశ్న, మేము శుభ్రంగా లేమా, మేము హిందువులం కామా అన్నది. ఎదుటివాడి కొలబద్ద తీసుకుని, దాని ప్రకారమే నేనూ తక్కువవాణ్ణి కానని రుజువు చేయబోయాడు. ఎవరైనా మొదట చేసేది అదే. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టగానే వాళ్ళలాగే మాట్లాడి, వాళ్ళలాగే రాసి, వాళ్ళ మెప్పు పొందాలనుకున్న రోజులు మా అందరికీ ఉన్నాయి. తేడా ఏమిటంటే, నాలుగేళ్ళు తిరక్కుండానే ఆయన ఆ కొలబద్దనే పక్కన పడేశారు.

అది బెజవాడలో జరిగింది. 1917 నవంబరు మొదటి వారం. ఆంధ్ర ప్రాంతంలో పంచములుగా పిలవబడేవారి మొదటి మహాసభ. దాన్ని పిలిచినవారిలో గూడూరు రామచంద్రరావు లాంటి సవర్ణ సంస్కర్తలున్నారు. అధ్యక్షుడుగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. సభ జరిగే రోజుల్లో ఇంతమంది అంటరానివాళ్ళు ఊళ్ళోకి వచ్చారు, గుడిలోకి ఎక్కడ చొరబడతారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. అమ్మవారికి ఇంత భయం ఏమిటో!

అధ్యక్ష స్థానంలో నిలబడి ఆయన సభ పేరు మీదే అభ్యంతరం చెప్పారు. పంచములు అనే మాట పురాణాల్లో లేదు, చరిత్రలో లేదు, మనల్ని నాలుగు వర్ణాల చివర అయిదో తోకగా వేలాడదీయడానికి కల్పించిన మాట అది, ఈ నేలకు మొదటి మనుషులం మనమే కాబట్టి మనం ఆది ఆంధ్రులం అన్నది ఆయన వాదన సారాంశం. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం లాంటి కోర్కెలు కూడా వచ్చాయి కానీ, ఆ మూడు రోజుల్లో అసలు జరిగింది పేరు మార్పే. తర్వాత ఏటేటా కోస్తా జిల్లాల్లో ఆది ఆంధ్ర సభలు జరిగాయి. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అధికారికంగా ఒప్పుకుంది.

కుర్రతనంలో గురువు పెట్టిన పేరు వెనక ఉన్న తర్కాన్ని ఇన్నేళ్ళకు ఆయన బయటకు తీశాడు. అప్పుడది ఒక మనిషికి తగిలించిన తోక. ఇప్పుడు లక్షలమంది నిలబడే నేల అయింది. పైకి ఎక్కే మెట్టు అడగడం మానేసి, ఈ ఇల్లు మాది, మీరు తర్వాత వచ్చారు అన్నాడు. ఆయన బతుకులో మలుపు ఏదని అడిగితే మేము బెజవాడనే చూపిస్తాం. అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిది. సంఘం పని మొదలుపెట్టి పదకొండేళ్ళు.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి. ఎస్సీ కులాల అధికారిక జాబితా ఎప్పుడైనా తీసి చూడండి. మొట్టమొదట ఆది ఆంధ్ర ఉంటుంది, తర్వాత ఆది ద్రావిడ. ఇంకా కిందికి వెళితే పంచమ కూడా ఉంటుంది. 1917లో వద్దనుకున్న పేరు, కావాలనుకున్న పేరు రెండూ ఒకే కాగితం మీద సర్దుకుని కూర్చున్నాయి. ప్రభుత్వ కాగితానికి పోరాటాల జ్ఞాపకం ఉండదు.

నిజాం రాజ్యానికి తిరిగి వచ్చాక ఆంధ్ర అనే మాట చాలలేదు. ఇక్కడ తెలుగువాళ్ళతో పాటు మరాఠీ, కన్నడ మాట్లాడే మన వాళ్ళూ ఉన్నారు. 1920ల మొదట్లో మన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఆ దశాబ్దంలోనే ఉత్తరాన స్వామి అచ్యుతానంద్ ఆది హిందూ పేరుతో, పంజాబులో మంగూరామ్ ఆద్ ధర్మ్ పేరుతో ఇదే మాట చెబుతున్నారు. హిందూ అన్న మాటను వదలలేదేమని అడగొచ్చు. ఆయన దృష్టిలో అది మతం పేరు కాదు, ఈ దేశంలో ఉండేవాళ్ళకు బయటివాళ్ళు పెట్టిన పేరు. ఆది హిందువు అంటే ఈ దేశపు మొదటి మనిషి. తర్కం వరకు బాగానే ఉంది. వినేవాడి చెవిలో మాత్రం హిందూ అన్న సగమే గట్టిగా పడింది. ఆ పేరును తమకు అనుకూలంగా చదువుకున్న సవర్ణ సంస్కర్తలు తక్కువేం లేరు. ఇది ఆయన పేరులోని బలహీనత అని మా అభిప్రాయం.

అయినా ఆ పేరు చేయాల్సిన పని ఒకటి చేసింది. 1920ల చివరికి హైదరాబాదులో తలల లెక్క రాజకీయమైంది. 1927లో మజ్లిస్ పుట్టింది. ఆర్య సమాజం శుద్ధి పేరుతో తిరుగుతోంది. అంటరానివాళ్ళు ఎవరి లెక్కలోకి వస్తే వాళ్ళ బలం పెరుగుతుంది. పైగా 1929లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభలు పెట్టుకోవడమే కష్టమైంది. ఆ పరిస్థితిలో 1931 జనాభా లెక్కల్లో మా వాళ్ళను ఆది హిందువులుగా విడిగా రాయమని ఆయన సర్కారును అడిగి సాధించారు. లెక్క రాయడానికి వచ్చినవాడి ముందు నిలబడి మాల అనో, మాదిగ అనో, ధేడ్ అనో తిట్టులాంటి పేరు చెప్పుకోకుండా ఆది హిందువు అని చెప్పుకోగలగడం ఏమిటో, సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసులో వరుసలో నిలబడ్డ ఏ విద్యార్థికైనా విడమరిచి చెప్పనక్కర్లేదు.

బడుల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఉపన్యాసాల కంటే ఎక్కువ మిగిలినవి అవే. రాజ్యభాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించేది. ఇంట్లో తెలుగు మాట్లాడే మాల, మాదిగ పిల్లవాడికి బడి గడప దాటడమే గండం, దాటాక భాష ఇంకో గండం. భాగ్యరెడ్డి వర్మ బడులు తెలుగులో నడిచాయి. ఇసామియా బజారులో ఒక్క బడితో మొదలై 1930ల మొదటికి ఇరవైకి పైగా అయ్యాయి. వేల మంది పిల్లలు చదివారు. చివరికి సర్కారు వాటిని తన కిందికి తీసుకుంది. చందాలు అడిగి, అద్దె గదులు వెతికి, పంతుళ్ళకు జీతాలు సర్ది పాతికేళ్ళు నడిపిన బడులు అప్పగించేటప్పుడు ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో మేము ఊహించగలం, రాయలేం.

1930లో లక్నోలో జరిగిన అణగారిన వర్గాల అఖిల భారత సభకు అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్ళ తరఫున మాట్లాడటానికి అంబేడ్కర్ వెళ్ళాలని బలపరిచారు. అంబేడ్కర్ ఆయన కంటే మూడేళ్ళు చిన్న. పాతికేళ్ళుగా వేదికలెక్కుతున్న పెద్దమనిషి తనకంటే చిన్నవాడికి దారి వదలడం మన సంఘాల్లో ఎంత అరుదో చదివేవాళ్ళకు తెలుసు.

1931లో భాగ్యనగర్ అనే పత్రిక పెట్టారు. అందులో తానే వెట్టి మాదిగ అనే కథ రాశారు. తెలుగులో దళితుడు దళితుడి గురించి రాసిన తొలి కథల్లో అది ఒకటి. మాకు పట్టింపు అది మొదటిదా రెండోదా అన్నది కాదు. ఒక మాల నాయకుడు మాదిగ వెట్టిని కథగా రాయాలనుకున్నాడు. నగరపు జీతగాళ్ళ బస్తీలో మొదలైన మనిషి పల్లె వెట్టి దాకా వచ్చాడు.

అయితే కథలో చేసిన పని సంఘంలో అంత తేలిగ్గా జరగలేదు. ఆది హిందూ లీగ్ నాయకత్వం ఎక్కువగా మాలలదే. ఆయనతో కలిసి పనిచేసిన అరిగె రామస్వామి తర్వాత వేరు సంస్థ పెట్టుకుని వెళ్ళిపోయారు. మాల, మాదిగల మధ్య కలయిక ఎంతవరకు అన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. మాదిగల్లో అరుంధతీయుల పేరుతో విడి సంఘం వచ్చింది. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో ప్రచురించిన హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్ర చదివితే ఈ పాత తగువుల వేడి ఇంకా తగులుతుంది. ఆది అనే మాట కింద అందరం ఒకటే అని చెప్పడం వేరు, ఒకే పంక్తిలో కూర్చోవడం వేరు, ఒకరింటి పిల్లను ఇంకొకరింటికి ఇవ్వడం వేరు. భాగ్యరెడ్డి వర్మ మొదటిది గొప్పగా చేశారు. మిగతా రెండిటి దగ్గర ఆయన కాళ్ళు తడబడ్డాయి. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు ఇచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అది అమలవుతోంది. ఆ తగువు ముగిసిందో లేదో ఎవరికి వాళ్ళు తమ హాస్టల్ మెస్సులో చూసుకోవచ్చు. మాలో మాలలూ మాదిగలూ ఉన్నాం. ఈ పేరా రాయడానికి మాకు మిగతా వ్యాసమంత సమయం పట్టింది.

చివరి ఏళ్ళలో ఆయన బుద్ధుడి వైపు మళ్ళారు. అది కొత్తగా వచ్చిన ఆలోచన కాదు, 1910ల్లోనే హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపిన మనిషి ఆయన. అప్పుడు అది ఆర్య సమాజంతో, జీవరక్షతో, భజనలతో పాటు ఒక పక్కన ఉంది. 1937లో మళ్ళీ బుద్ధ జయంతి జరిపేనాటికి మిగతావి ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. హిందువుగా చావనని అంబేడ్కర్ యేవలలో ప్రకటించి అప్పటికి రెండేళ్ళు. నాగపూరు దీక్షకు ఇంకా పంతొమ్మిదేళ్ళు ఉంది.

అదే 1937లో భాగ్యనగర్ పత్రిక పేరు ఆది హిందూగా మారింది. 1939 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయారు. యాభై ఒకటో ఏడు ఇంకా నిండలేదు. షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ చూడలేదు, పోలీసు చర్య చూడలేదు, రాజ్యాంగం చూడలేదు.

ఆయన జీవిత చరిత్రను భాగ్యోదయం పేరుతో కొడుకు రాశారు. తండ్రికి గురువు ఒక పేరు పెట్టాడు, ఆర్య సమాజం ఒక బిరుదు ఇచ్చింది. కొడుకు పేరులో రెడ్డీ లేదు, వర్మా లేదు. పుస్తకం అట్ట మీద ఎం.బి. గౌతమ్ అని ఉంటుంది.